పిల్లల తుంటి కీలు తప్పితే తెల్లవారేదాకా ఆగవద్దు

పిల్లవాడు జారిపడి కాలు కదపలేక ఏడుస్తుంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మొదట అనే మాట 'బెణికిందిలే'. నూనె రాసి పడుకోబెడతారు. చాలాసార్లు అది బెణుకే. తుంటి కీలు తప్పితే మాత్రం ఆ ఒక్క రాత్రే కొంప ముంచుతుంది.

తొడ ఎముక తల బంతిలా ఉండి, తుంటిలోని గిన్నెలో కూర్చుంటుంది. పెద్దవాళ్ళకు అది ఊడాలంటే వాహనం గుద్దినంత దెబ్బ తగలాలి. పదేళ్ళలోపు పిల్లలకు గిన్నె అంచు మెత్తన, కీలును పట్టి ఉంచే కట్లు వదులు. ఆటలో కాళ్ళు పక్కలకు జారినా చాలు. అరుదైన సంగతే, కానీ 'చిన్న దెబ్బే కదా' అని డాక్టరు దగ్గర తేల్చేయకండి.

ఎక్కువగా బంతి వెనక్కి జారుతుంది. కాలు పొట్టిగా కనబడుతుంది, మోకాలు వంగి లోపలికి తిరిగి ఉంటుంది. పిల్లలు ఒక్కోసారి మోకాలు చూపించి నొప్పంటారు. తుంటికీ ఎక్స్‌రే తీయమని అడగండి.

బంతికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు నలిగిపోతాయి. ఆరు గంటల్లోపు కీలు సరిచేయకపోతే ఎముక తల చచ్చుబడే ప్రమాదం బాగా పెరుగుతుంది.

పుత్తూరు కట్టు మీద మనవాళ్ళకున్న నమ్మకం నాకు తెలుసు. ఆ వాదన పెట్టుకోను. జారిన బంతి కట్టు కడితే లోపలికి పోదు. మత్తిచ్చి, కండరాలు సడలాక మెల్లగా లాగి కూర్చోబెట్టాలి. పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు మొరటుగా లాగితే ఎముక పెరిగే చోటే విడిపోవచ్చు. తర్వాత స్కాన్‌లో ముక్కేదైనా ఇరుక్కున్నట్టు కనబడితే ఆపరేషన్ తప్పదు.

108కి ఫోన్ చేయండి. కాలు సాగదీయకండి, ఉన్న తీరునే దిండు ఆనించండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి నీళ్ళు కూడా పట్టించవద్దు. పడిన సమయం, చివరిసారి తిన్న సమయం ఒక చీటీ మీద అంకెల్లో రాసివ్వండి. ఇంట్లో తెలుగు తప్ప రాని అవ్వ ఒక్కతే ఉన్నా, తమిళ డాక్టరుకైనా కన్నడ డాక్టరుకైనా అంకెలు అర్థమవుతాయి. రేషన్ కార్డు, బీమా కాగితాలు వెనకాల ఎవరైనా తెస్తారు. ఉద్యోగమంతా ఫైళ్ళతో గడిపినవాణ్ణి చెబుతున్నాను, వాటికోసం బీరువా వెతుకుతూ కూర్చోకండి.

చిన్నపిల్లలకు కొన్ని వారాలు పిండికట్టు వేస్తారు, పెద్దపిల్లలు చంకకర్రలతో నడవాలి. కట్టు విప్పాక పరుగెత్తుతున్నాడు కదా అని ఆస్పత్రి మానేయకండి. ఎముక తల చెడిన సంగతి నెలల తర్వాత బయటపడుతుంది, అందుకే కనీసం రెండేళ్ళు డాక్టరు రమ్మన్నప్పుడల్లా తీసుకెళ్ళాలి.