రెండు మాటల విలువ

మానవ జీవితంలో వార్ధక్యం అనివార్యమైన దశ. ఆ దశలో ఆదాయం తగ్గుతుంది, అనారోగ్యం పెరుగుతుంది. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు వంటివి సంక్రమించిన వారిలో చాలామంది జీవితాంతం మందులు వాడవలసి ఉంటుంది. ఇతర ఖర్చులను కొంత తగ్గించుకోవచ్చు. కాని వైద్యుడు రోజుకు రెండు మాత్రలు వేసుకొమ్మన్నప్పుడు ఒక్కదానితో సరిపెట్టుకోవడం ప్రాణానికే ముప్పు. ఇటువంటి స్థితిలో, ఉద్యోగ విరమణ చేసిన వారికి ఇస్తున్న మందుల సదుపాయాన్ని యాజమాన్యం తగ్గిస్తే వారేం చేయాలి? ఆ సదుపాయం దయతో ఇచ్చే అనుగ్రహమా? శ్రమించి సంపాదించుకొన్న హక్కా? ఈ ప్రశ్నతోనే అమెరికాలో విశ్రాంత ఉద్యోగులు న్యాయస్థానాలను ఆశ్రయించారు.

అమెరికాలో వైద్యం చాలా ఖరీదైనది. అక్కడ ఎక్కువమందికి ఆరోగ్య బీమా ఉద్యోగం ద్వారానే లభిస్తుంది. 65 ఏండ్లు నిండినవారి కోసం 1965లో 'మెడికేర్' అనే ప్రభుత్వ పథకానికి చట్టం చేశారు. ఆసుపత్రి ఖర్చులు, వైద్యుల రుసుములు భరించే ఈ పథకంలో, వృద్ధులు ఇంటివద్ద నిత్యం వాడే మందులకు చాలాకాలం చోటు లేదు. 2003లో చేసిన చట్టాన్ని అనుసరించి 2006 జనవరి నుండి మాత్రమే ఆ సౌకర్యం ఏర్పడింది. అంతవరకు మందుల విషయంలో ఎందరో విశ్రాంత ఉద్యోగులకు తాము పనిచేసిన సంస్థ ఇచ్చే బీమాయే ఆధారం.

మిషిగన్ రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల విశ్రాంత ఉద్యోగులకు ఇటువంటి బీమా ఉండేది. 2000 సంవత్సరంలో దాని నిబంధనలు మారాయి. మందుల ధరలో రోగి చెల్లించవలసిన వాటా పెరిగింది. బీమా వర్తించడానికి ముందు రోగి స్వయంగా భరించవలసిన మొత్తమూ పెరిగింది. ఈ మార్పులను సవాలు చేస్తూ ఆరుగురు విశ్రాంత ఉద్యోగులు దావా వేశారు. పింఛను పథకాలలో సమకూరిన ప్రయోజనాలను తగ్గించరాదని ఆ రాష్ట్ర రాజ్యాంగం నిర్దేశిస్తున్నదనీ, మందుల సదుపాయం కూడా అట్టి ప్రయోజనమేననీ వారు వాదించారు.

వాదమంతా రాజ్యాంగంలోని రెండు విశేషణాల చుట్టూ తిరిగింది. 1963 నాటి మిషిగన్ రాజ్యాంగం కేవలం 'ప్రయోజనాలు' అని చెప్పలేదు. 'సమకూరిన', 'ఆర్థిక' ప్రయోజనాలు అని చెప్పింది. 'సమకూరిన' అంటే సర్వీసు పెరిగేకొద్దీ పెరుగుతూ వచ్చినది అనీ, 'ఆర్థిక' అంటే డబ్బు రూపంలో చెల్లించేది అనీ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. వైద్య సదుపాయం ఏటేటా పెరిగేది కాదు, చేతికి అందే సొమ్మూ కాదు. కాబట్టి దానికి రాజ్యాంగ రక్షణ లేదని 2005 జూన్ 28న తీర్పు చెప్పింది. విశ్రాంత ఉద్యోగులు ఓడిపోయారు.

పొరుగున ఉన్న ఇలినాయ్ రాష్ట్రంలో మరొక విధంగా జరిగింది. 20 సంవత్సరాల సర్వీసు పూర్తిచేసిన విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య బీమాకు అక్కడి ప్రభుత్వమే పూర్తిగా ప్రీమియం చెల్లించేది. 2012లో చేసిన చట్టం ఆ బాధ్యతను తొలగించింది. విశ్రాంత ఉద్యోగులు తమ వంటి వారందరి తరఫున దావాలు వేశారు. 1970 నాటి ఇలినాయ్ రాజ్యాంగం, పింఛను వ్యవస్థలో సభ్యత్వాన్ని ఒక ఒప్పందంగా పేర్కొని, దాని ప్రయోజనాలను తగ్గించరాదని చెబుతుంది. అక్కడ 'ప్రయోజనాలు' అనే పదానికి ముందు విశేషణమేదీ లేదు. కనుక బీమా సహాయం కూడా ఆ ప్రయోజనాలలో చేరుతుందని 2014 జూలై 3న ఇలినాయ్ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రెండు రాష్ట్రాలలోనూ వృద్ధుల అవసరం ఒక్కటే, ఆవేదన ఒక్కటే. ఫలితాలు మాత్రం వేరయ్యాయి. ఒక రాజ్యాంగంలో ఉన్న రెండు మాటలు మరొక దానిలో లేకపోవడం అందుకు ముఖ్య కారణం.

అనుగ్రహమా, హక్కా అనే ప్రశ్న మన దేశంలోనూ తలెత్తింది. కేంద్రప్రభుత్వం 1979లో పింఛను సూత్రాన్ని మెరుగుపరచి, ఆ సంవత్సరం మార్చి 31న గాని, ఆ తరువాత గాని విరమణ చేసిన వారికే దానిని వర్తింపజేసింది. అంతకుముందు విరమణ చేసిన వారికి అన్యాయం జరిగిందంటూ ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు, వారికి తోడుగా 'కామన్ కాజ్' అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. నకారా కేసుగా ప్రసిద్ధికెక్కిన ఈ వివాదంలో 1982 డిసెంబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువరించింది. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ ధర్మాసనంలో ఒకరు. పింఛను యజమాని దయాభిక్ష కాదనీ, చేసిన సేవకు ప్రతిఫలంగా లభించే హక్కనీ, ఒక తేదీని గీతగా గీసి వృద్ధులను రెండు వర్గాలుగా విడదీయడం సమానత్వ సూత్రానికి విరుద్ధమనీ ధర్మాసనం ప్రకటించింది. నేటికీ డిసెంబరు 17వ తేదీని పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. వైద్యం విషయంలో కూడా 2018లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. చికిత్స పొందిన ఆసుపత్రి ప్రభుత్వ జాబితాలో లేదన్న ఒక్క కారణంతో కేంద్రప్రభుత్వ విశ్రాంత ఉద్యోగికి వైద్యఖర్చు నిరాకరించరాదని పేర్కొంది.

ఇటువంటి పోరాటాలు ఒంటరిగా సాగించడం కష్టం. ఒక్కొక్కరికి కలిగే నష్టం నెలకు కొద్ది మొత్తమే కావచ్చు. న్యాయవాది రుసుము అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. వ్యాజ్యం ఏండ్ల తరబడి సాగితే, వృద్ధులలో కొందరు తీర్పు వినకుండానే కన్నుమూయవచ్చు. అందుకే వారు సంఘటితమై ఖర్చును, శ్రమను పంచుకొంటారు. పాత ఉత్తర్వులను, ఒప్పంద పత్రాలను సేకరించి న్యాయస్థానం ముందుంచుతారు.

ఉద్యోగంలో చేరే నాడు నియామక పత్రంలోని షరతులను శ్రద్ధగా చదివేవారు తక్కువ. విరమణ నాటి మాట యౌవనంలో ఎవరికీ తోచదు. కాని ఆ పత్రంలో ఏముందో, ఏది లేదో ముప్పై ఏండ్ల తరువాత మందుల దుకాణం వద్ద తెలిసివస్తుంది. మిషిగన్ వృద్ధులకు రెండు మాటల విలువ అలాగే తెలిసింది. సంతకం చేసే ముందే ప్రతి మాటకూ అర్థం తెలుసుకోవడం నేటి విద్యార్థులు అలవరచుకోవలసిన గుణం.