పాత తుపాకికి తగిన తూటా - పరిశీలించవలసిన అంశాలు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు ప్రత్యేక వ్యాసం)

తాతల నాటి జోడు గొట్టాల తుపాకి పైకి చెక్కుచెదరక కనిపించవచ్చును. అయినను అందులో ఉంచే తూటా దానికి తగినది కానప్పుడు గొట్టం పగిలి, పేల్చిన వ్యక్తి చేతివేళ్లు, కన్ను, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోయే ప్రమాదం కలదు. కావున వారసత్వంగా తుపాకి పొందినవారు, లైసెన్సులు తనిఖీ చేసే అధికారులు ఈ విషయమై ప్రాథమిక అవగాహన కలిగి ఉండుట అవసరం.

12 బోరు అనగా ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు చేసినచో అందులో ఒక గుండు పట్టేటంత గొట్టపు వ్యాసం. ఇది సుమారు 18.5 మిల్లీమీటర్లు. బోరు ఒకటే అయినంత మాత్రాన 12 బోరు తూటాలన్నియు ఒక్కటే కావు. తూటా ఇమిడే గది పొడవు పాత బ్రిటిష్ తుపాకులలో ఎక్కువగా రెండున్నర అంగుళాలు, అనగా సుమారు 65 మిల్లీమీటర్లు. నేటి తూటాలలో 70 మిల్లీమీటర్లవి సర్వసాధారణం.

ఇక్కడనే ప్రధానమైన మోసం కలదు. తూటాపై ముద్రించిన పొడవు, పేలిన తరువాత దాని మూతి విచ్చుకొన్నప్పటి పొడవు. పేలక ముందు మూతి మడచి ఉన్నందున 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో సులభంగా ఇమిడిపోవును. పేలినప్పుడు విచ్చుకొన్న మూతి గొట్టం సన్నబడు భాగంలోనికి చొచ్చి దారిని ఇరుకు చేయును. అందువలన ఒత్తిడి పెరుగును. "తూటా పట్టింది కనుక సరిపోయింది" అనుకొనుట పొరపాటు.

తుపాకి ఎంత ఒత్తిడికి పరీక్షింపబడినదో గొట్టం అడుగున గల ముద్రలు తెలుపును. లండన్, బర్మింగ్‌హామ్ పరీక్షా కేంద్రాలు ఈ ముద్రలు వేయుచున్నవి. బర్మింగ్‌హామ్ కేంద్రం 1813లో ఏర్పడినది. నైట్రో పరీక్ష ముద్ర లేని తుపాకి, నల్లని తుపాకిమందుకు మాత్రమే పరీక్షింపబడినదని భావించుట క్షేమకరం. 1954 నాటి నియమాల తరువాత పరీక్షింపబడిన బ్రిటిష్ తుపాకులపై గది పొడవుతో పాటు ఒత్తిడిని చదరపు అంగుళానికి టన్నులలో తెలుపు ముద్ర కూడా ఉండును. ఈ టన్నులు పాత కొలత పద్ధతికి సంబంధించినవి. వాటిని నేటి పరికరాలు చూపే అంకెలతో నేరుగా పోల్చరాదు. నేటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సాధారణ 12 బోరు తూటా గరిష్ఠ ఒత్తిడి 740 బార్లు, అధిక శక్తి తూటాకు 1050 బార్లు. రెండవ రకం పాత తుపాకులకు ఏ మాత్రం తగదు.

ముద్ర ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. పరీక్ష జరిగిన తరువాత తుప్పు, సొట్టలు, లోపల అరగదీయుట వలన గొట్టం పలుచబడి ఉండవచ్చును. ఇనుము, ఉక్కు పట్టీలను మెలివేసి అతికించిన డమాస్కస్ గొట్టాలలో అతుకుల వెంబడి తుప్పు కంటికి కనబడకుండ పాకగలదు. అనుభవజ్ఞుడైన లైసెన్సుదారు తుపాకి మరమ్మతుదారుచే గొట్టం లోపలి వ్యాసమును, గోడ మందమును కొలిపించిన పిదపనే వాడవలెను.

తక్కువ రవ్వలు, తక్కువ తన్ను ఉన్న తూటాలో ఒత్తిడి కూడా తక్కువేనన్న అభిప్రాయం సరికాదు. త్వరగా మండే మందు వేసిన తేలిక తూటాలోనూ ఒత్తిడి ఒక్కసారిగా ఎగయగలదు. తయారీదారు పాత తుపాకులకు తగినదని తెలిపిన, సీసపు రవ్వలు గల 65 మిల్లీమీటర్ల తూటాలనే ఎన్నుకొనవలెను. ఉక్కు రవ్వలు వాడరాదు. 20 బోరు తూటాలను 12 బోరు తూటాలతో కలిపి ఉంచరాదు. పొరపాటున గొట్టంలోనికి జారిన 20 బోరు తూటా మధ్యలో ఇరుక్కొని ఉండగా వెనుక 12 బోరు తూటా పేల్చినచో గొట్టం బద్దలగును. మూతి నుండి మందు దట్టించే తుపాకులలో పొగరాని మందు ఎన్నడును వాడరాదు.

పంట రక్షణకు మూతి నుండి దట్టించే తుపాకి లైసెన్సు మంజూరుకు 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ అవకాశం కల్పించుచున్నది. అయితే ఈ లైసెన్సు వన్యప్రాణుల వేటకు అనుమతి కాదు. పాతదైనంత మాత్రాన తుపాకికి చట్టం నుండి మినహాయింపు లభించదు. మరమ్మతు చేసినను పేల్చుటకు వీలుకాని పురాతన ఆయుధాలకు మాత్రమే 45వ సెక్షన్ మినహాయింపు వర్తించును. తూటాలకు కూడా లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణ ప్రకారం వారసత్వపు ఆయుధాలతో కలిపి సాధారణ పౌరుని వద్ద రెండుకు మించి తుపాకులు ఉండరాదు. లైసెన్సుదారు మరణించినచో వారసులు తుపాకిని జాప్యం లేకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని జమచేసి తదుపరి అనుమతి పొందవలెను.

2022 ఏప్రిల్ 4 నుండి ఈ మూడు పట్టణాలు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నందున, అనంతపురం జిల్లా కాలపు లైసెన్సు గలవారు చిరునామా, చెల్లుబాటు వివరాలను సరిచూసుకొనవలెను. కర్ణాటక సరిహద్దున ఉన్న హిందూపురం ప్రాంతంవారు లైసెన్సు చెల్లుబాటగు పరిధిని కూడా గమనించవలెను.

తుపాకి చరిత్ర తెలియనప్పుడు, ముద్రలు అరిగిపోయినప్పుడు, లేదా గొట్టం లోపల గుంటలు కనబడినప్పుడు దానిని పేల్చక జ్ఞాపికగా భద్రపరచుటయే ఉత్తమం. అట్లు భద్రపరచిన తుపాకికి కూడా, 45వ సెక్షన్ మినహాయింపు వర్తించనంత వరకు, లైసెన్సు అవసరమేనని గుర్తుంచుకొనవలెను.