నీట మునిగిన పుట్టినిల్లు

కృష్ణానది కుడియొడ్డున విజయపురి రేవులో మేము లాంచి యెక్కునప్పటికి బారెడు ప్రొద్దెక్కెను. మాతో గూడ చాలమంది స్త్రీలు తమ బిడ్డలతోను, చద్దిమూటలతోను నెక్కిరి. చుట్టును నల్లమల కొండలు, నడుమ నిండుగ నిలిచిన నీరు, దూరమున దీవివలె నాగార్జునకొండ. మా ప్రక్కన గూర్చున్న యొక చిన్నపిల్ల తల్లి కొంగు పట్టుకొని, "అమ్మా, ఈ నీళ్ల క్రింద ఏమున్నది?" అని యడిగెను. తల్లి నవ్వి, "చేప లున్నవి, కదలక కూర్చో" అనెను. ఆమె చెప్పినది అబద్ధము గాదు. కాని యా బిడ్డకు పెద్దల మొక జవాబు బాకీ పడితిమని మాకు తోచినది. ఆ బాకీ కొంతయైన దీర్చుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

లోయ

నేడు నీటి నడుమ నున్న యీ కొండ, సాగరము నిండక పూర్వము విశాలమైన లోయ నడుమ నుండెను. లోయకు మూడు ప్రక్కల నల్లమల కొండల చరియలు. నాలుగవ ప్రక్క కృష్ణ. ఆ కాలమున నది గుంటూరు జిల్లా పలనాడు తాలూకాలోనిది. 2022 లో నేర్పడిన పల్నాడు జిల్లాలో నిప్పుడు చేరినది. మాచర్ల దాటి కొండదారిని నడచినగాని యచ్చటికి చేరుట సాధ్యము గాకుండెను. లోయలో పుల్లారెడ్డిగూడెము మున్నగు చిన్నపల్లె లుండెను. పల్లెవారు పాత యిటుకదిబ్బల ప్రక్కనే పొలములు దున్నుకొనుచు, పశువుల మేపుకొనుచు బ్రదుకుచుండిరి.

ఆ ప్రాంతపు బడిపంతు లొకరు అచ్చటి ప్రాతస్తంభములను జూచి ప్రభుత్వమునకు దెలిపిరి. 1926 లో శాసనశాఖలో తెలుగు సహాయకులుగ నుండిన ఏ. ఆర్. సరస్వతిగారు వచ్చి పరిశీలించిరి. తరువాత 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్‌స్టుగారును, 1938 లో టి. ఎన్. రామచంద్రన్‌గారును త్రవ్వకములు సాగించిరి. అప్పుడు బయలుపడినది మామూలు ఊరు గాదు. శాసనములలో శ్రీపర్వతమనియు, విజయపురియనియు గీర్తింపబడిన రాజధాని. శాతవాహనుల పిమ్మట క్రీ. శ. 3 వ శతాబ్దమునను, 4 వ శతాబ్దపు తొలినాళ్లను ఇక్ష్వాకు రాజు లచ్చటనుండి రాజ్యమేలిరి.

పేర్లు చెక్కించుకొనిన స్త్రీలు

ఇక్ష్వాకులలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. అతని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. సోదరీమణులు గమనింపవలసిన విషయ మొకటి యిచ్చట గలదు. రాజు పేరునకు ముందుగ తల్లి గోత్రనామము నిలిచినది! ఈ యాచారము శాతవాహనులనుండియు వచ్చినది.

చాంతమూలుడు అశ్వమేధము మొదలగు వైదిక క్రతువులు చేసినవాడు. అతని యింటి స్త్రీలో, బుద్ధభగవానునకు స్తూపములు, విహారములు గట్టించిరి. ఒకే యింట అన్న యజ్ఞము చేయుచుండ చెల్లెలు చైత్యము నిలుపుట కెవ్వరును అడ్డుపడినట్లు కానరాదు. ఆ సోదరి పేరు చాంతిసిరి. ఆమె వీరపురుషదత్తునకు మేనత్త. 106 అడుగుల వ్యాసము గల మహాచైత్యము, ఆ రాజు పాలన 6 వ యేట, ఆమె పూనికవలన సిద్ధించినది. శ్రమణులకును, బ్రాహ్మణులకును, దీనులకును ఆమె యెడతెగక దానము చేసెనని శాసనము చెప్పుచున్నది. త్రవ్వకములలో నా చైత్యగర్భమున స్తూపాకారపు వెండిబరిణెయు, దానిలో చిన్న బంగారు బరిణెయు, అందొక యెముక తునకయు దొరకినవి.

రాణులు మాత్రమే కాదు, గృహస్థుల యింటి స్త్రీలును దానము చేసిరి. బోధిసిరి యను నుపాసిక వీరపురుషదత్తుని 14 వ యేట, సింహళదేశపు ఆచార్యుల కొరకు చుళధర్మగిరి మీద చైత్యగృహము గట్టించెను. అంతతో నామె తృప్తి పడలేదు. సింహళవిహారమున బోధివృక్షమునకు ప్రాసాదము, వేరొకచోట చెరువు, మండపము, కంటకసేల యని నాడు పిలువబడిన ఘంటసాలలో రాతిమండపము - ఇట్లు తాను చేసిన పనులన్నింటిని పట్టికవలె వ్రాయించెను. ఇంటి ఖర్చు చిట్టా వ్రాసుకొను గృహిణివలె నామె మనకు గన్పట్టును. ఉజ్జయినీరాజు కూతురు రుద్రధరభట్టారిక యొక స్తంభమును, 170 దీనారమాషకములను ఇచ్చెను. వీరపురుషదత్తుని కూతురు కొడబలిసిరి వనవాస రాజు నింటికి కోడలై పోయియు, పుట్టినూరిని మరువక యచ్చట విహారము గట్టించెను.

మరియొక శిలను దలచినపుడు మా మనసు కరగుచున్నది. పైభాగము విరిగిపోయిన దేవీప్రతిమ యది. ఎహువల చాంతమూలుని దేవి ఖందువుల దానిని చేయించి, తాను 'అవిధవ', 'జీవపుత్ర' అని వ్రాయించుకొనెను. ముత్తయిదువను, బిడ్డలు చల్లగ నున్న తల్లిని అని యా మాటల తాత్పర్యము. పదునేడు శతాబ్దముల క్రిందటి రాణికిని, నేడు పసుపుకుంకుమలు చల్లగ నుండవలెనని మ్రొక్కు తల్లికిని కోరిక యొక్కటే గదా!

వరద రాకముందు

మన దేశము స్వతంత్రమైన పిదప, కృష్ణ కడ్డముగ నందికొండ యొద్ద గొప్ప రాతి ఆనకట్ట గట్టుటకు నిశ్చయమయ్యెను. 1955 డిసెంబరు 10 వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట లేచిన కొలది లోయ నీటిపాలగుట తప్పదు. అందుచేత 1954 నుండి 1960 వరకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున పురావస్తుశాఖవారు లోయ నంతయు శోధించిరి.

ఈ తొందర పనిలో రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కోట వరకు ఎన్నో తరముల జీవితము బయటపడెను. ముప్పదికి మించిన బౌద్ధస్థానములు, నదియొడ్డున అష్టభుజస్వామి, పుష్పభద్రస్వామి, కార్తికేయుల యాలయములు, రాతిమెట్ల స్నానఘట్టము, నాలుగు ప్రక్కల మెట్లతో నొప్పు రంగస్థలము, బిడ్డల తల్లి యని కొలువబడిన హారీతి గుడి వెలువడినవి. మూసలు, మూకుళ్లు, గీటురాయితో గూడిన కంసాలి యంగడియు దొరకినది. ఏ పడతి నగల కొరకు నా కంసాలి బంగారము కరగించెనో! ఎదుటి యొడ్డున నల్లగొండ జిల్లా ఏలేశ్వరములో రాష్ట్ర పురావస్తుశాఖవా రిట్లే త్రవ్వకములు జరిపిరి. ఆ యూరును పిమ్మట నీటిలో గలసినది.

ముఖ్యమైన కట్టడములలో తొమ్మిదింటిని రాయి రాయిగ విప్పి కొండమీదికి జేర్చి మరల నిలిపిరి. రంగస్థలము మొదలగువానిని అనుపు వద్ద నిర్మించిరి. శిల్పములు, శాసనములు, పూసలు, కుండలు కొండమీది మ్యూజియమున జేరినవి. అది 1966 లో తెరువబడినది. 1967 లో శ్రీమతి ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నాటినుండి గుంటూరు, ప్రకాశము, నల్లగొండ, ఖమ్మము, కృష్ణా జిల్లాల పొలముల కా నీరు పారుచున్నది. ఆ నీటితో పండిన బియ్యముతో మన యిండ్ల నెన్ని మారులు ఎసరు పెట్టితిమో లెక్కలేదు. కావున ఆనకట్ట కట్టరాదని మేమనము. దాని వలన నన్నము దినినవారము, దాని కొరకు పోయినదేమో తెలిసికొనవలెనని మాత్రమే మా మనవి.

మూట గట్టరానివి

రాళ్లను విప్పి మోయవచ్చును. ఊరిని మోయుట యెట్లు? తెలుగు పల్లెకు నడుమ బొడ్డురాయి యుండును. పొలిమేరలో గ్రామదేవత యుండును. నీళ్లకు బోవు బావి, అమ్మలక్కలు కలిసికొను రావిచెట్టు నీడ, కళ్లము, పశువుల బీడు, పెద్దలను సాగనంపిన వల్లకాడు, ఒక్కొక్క చేనికి నొక్కొక్క పేరు - ఇవి యన్నియు గలసినగాని యూరు గాదు. జలాశయము క్రిందికి బోయిన పల్లెలవారు బండ్లమీద రోలును, తిరుగలిని పెట్టుకొని పోవచ్చును. చేని పేరును బండిమీద పెట్టుకొనుట సాధ్యము గాదు. దానిని నోట బట్టుకొనియే పోవలెను. నోట బలికెడివారు పోయినచో నదియు పోవును.

ఆ కాలమున భూముల దీసికొనుట 1894 నాటి చట్టము ప్రకారము జరిగెను. భూమిలో హక్కు గలవారికి సొమ్ము ముట్టెడిది. పట్టా సాధారణముగ మగవారి పేరనే యుండెడిది. పెరటిలోని చింతచెట్టును నాటిన కోడలి పేరు, ఆ చెట్టు వెల కట్టిన కాగితమున నుండుట యరుదు. విజయపురి స్త్రీలు తమ దానములను రాతిమీద నిలుపుకొనిరి. అదే లోయలో పదునేడు వందల యేండ్ల తరువాత కాపురము చేసి, కన్నబిడ్డలతో కదలిపోయిన స్త్రీల పేర్లు ఏ రాతిమీదను లేవు. మా యీ వ్యాసమున కిదియే ముఖ్యవిషయము.

అదే కృష్ణ మీద ఎగువను శ్రీశైలము జలాశయ మేర్పడినపు డిట్టిదే మరల సంభవించెను. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని విప్పి ఆలంపురమున జేర్చిరి. సప్తనదీ సంగమమున నున్న సంగమేశ్వరాలయము నీట మునిగి, వేసవిలో నీరు తగ్గినపుడు మాత్రము బయల్పడును. అప్పుడు భక్తులు పోయి పూజలు చేసి వత్తురు. దేవుని గుడి యిట్లు యేటేట నొకమారు తేలి కన్పడుచున్నది. మనుష్యుల యిండ్ల కా భాగ్యము లేదు.

కాలము కొంత మారినది. 2014 జనవరి నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త భూసేకరణ చట్టము, భూమి దీసికొనుటకు ముందు సామాజిక ప్రభావమును విచారింపవలెనని చెప్పుచున్నది. తాగునీటి వనరులు, పశువుల బీళ్లు, పూజాస్థలములు, శ్మశానములు గూడ నా విచారణలో జేరును. వితంతువులను, విడాకులు పొందినవారిని, విడువబడిన స్త్రీలను వేర్వేరు కుటుంబములుగ నెంచవలెనని యా చట్టము పల్కుచున్నది. ఇది మేలైన మార్పు. మన సోదరీమణు లీ సంగతి దెలిసియుండుట యవసరము. ఊరు కదలవలసి వచ్చినపుడు సభకు మగవారిని మాత్రమే పంపక, తామును పోయి తమ బావిని, తమ గుడిని, తమ వారి సమాధులను లెక్కలో వ్రాయించుకొనవలెను.

మనము చేయదగినది

చట్టము వ్రాయించుకొనలేని వస్తువులును గలవు. వాని నింటివారే వ్రాసికొనవలెను. సాగరము క్రింద నూళ్లు పోగొట్టుకొనిన కుటుంబములలో, నాటి చిన్నపిల్లలు నేటి ముసలవ్వలు. వారికి నా వీధులు, ఆ వాకిళ్లు నింకను జ్ఞాపకము. ఇంక కొలది యేండ్లకు అడుగుదమన్నను చెప్పువా రుండరు. మీ యింట నిట్టి పెద్దలున్నచో, ఒకనాడు మధ్యాహ్నము పనులు తీరినపిమ్మట వారి చెంత గూర్చుండి యడుగుడు. మీ యూరి బావి నీరు తీయనిదా, ఉప్పనిదా? ఏ చేనిని ఏమని పిలిచెడివారు? గ్రామదేవతకు ఏ నెలలో కొలువు? తిరుగలి త్రిప్పుచు నే పాట పాడెడివారు? ఇల్లు విడిచిననాడు పొయ్యి నెవ్వరార్పిరి? ఆమె చెప్పినది చెప్పినట్లే యొక నోటుపుస్తకమున దిగువ తారీఖు వేసి వ్రాయుడు. ఆమె పేరును, ఆమె తల్లి పేరును మరువకుడు. ఇందుకు పండితులు రానక్కరలేదు; త్రవ్వుగోలలు నక్కరలేదు. బోధిసిరి రాతిమీద వ్రాయించిన పట్టిక వంటిదే యిదియు. వెల పదునైదు రూపాయల పుస్తకమైనను, పేర్లు నిలుచును.

మేము కొండ దిగి తిరిగి లాంచి యెక్కునప్పటికి సాయంకాలమయ్యెను. ఆ పిల్ల తల్లి యొడిలో నిద్రించుచుండెను. మేము తల్లితో మాటలు గలిపి, పగలంత చూచిన శిలల సంగతి ముచ్చటించితిమి. చాంతిసిరి పేరు విని యామె, "ఆడమనిషి కట్టించినదా అమ్మా, అంత పెద్దది?" అని యబ్బురపడెను. పిల్ల లేచిన తరువాత చెప్పెదనని మాటయిచ్చెను. చేపలతోబాటు నీ నీళ్ల క్రింద ఒక రాజధానియు, కొన్ని పల్లెలును, ఎందరో తల్లుల పుట్టిండ్లును గలవని ఆ బిడ్డ తన తల్లి నోటనే వినును. మాకు గావలసినదియు నంతే.