డిలీట్ కొట్టే ముందు ఒక్క నిమిషం!

ప్లేస్‌మెంట్ ఫలితాలు వచ్చిన రాత్రి బ్యాచ్ వాట్సప్ గ్రూపులో మీ ఫొటో స్టిక్కరైపోయింది. మాక్ ఇంటర్వ్యూలో మీరు తడబడిన వీడియోకు ఎవరో పాట తగిలించి కన్ఫెషన్స్ పేజీలో పెట్టారు. కింద నవ్వే ఎమోజీలు వరస కట్టాయి. ‘లైట్ తీస్కో’ అంటారు ఫ్రెండ్స్. మీకేమో ఫోన్ ముట్టుకోవాలంటేనే గుండె దడ.

ఇలాంటప్పుడు చాలామంది చాట్ తుడిచేసి, అకౌంట్లన్నీ డిలీట్ చేసేస్తారు. బాధలో అది సహజమే. కానీ దాంతో పోయేది మీ ఆధారాలు, మీ లింక్డిన్ ప్రొఫైలు. ఏడిపించినవాళ్లకు పోయేదేమీ లేదు. అందుకే ఈ వరస గుర్తుంచుకోండి.

ముందు ఆధారం

పేరు, తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. క్రాప్ చేయొద్దు. పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు కాపీ చేసి పెట్టుకోండి. ఒరిజినల్ చాట్‌ను అలాగే ఉంచండి. ఆ మాటలు మళ్లీ మళ్లీ చదవడం మీ వల్ల కాకపోతే ఈ పని నమ్మకమైన ఫ్రెండ్‌కి అప్పజెప్పండి.

తర్వాత అడ్డుకట్ట

వాదనకు దిగొద్దు. మీ కోపమే వాళ్లకు తర్వాతి మీమ్. ‘ఇక మెసేజ్ చేయొద్దు’ అని ఒక్కసారి స్పష్టంగా రాసి ఆపేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘రెస్ట్రిక్ట్’ పెడితే మీ పోస్టుల కింద వాళ్లు కొత్తగా పెట్టే కామెంట్లు, మీరు అనుమతిస్తే తప్ప, వాళ్లకే కనిపిస్తాయి. ఆ సంగతి వాళ్లకు నోటిఫికేషన్‌గా వెళ్లదు. వాట్సప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో గ్రూపుల దగ్గర ‘మై కాంటాక్ట్స్’ ఎంచుకుంటే తెలియనివాళ్లు మిమ్మల్ని గ్రూపుల్లోకి లాగలేరు.

ఆపైన ఫిర్యాదు

యాప్‌లో రిపోర్ట్ చేయడంతో ఆగిపోవద్దు. బెదిరింపులు, ఫేక్ అకౌంట్లు, మార్ఫింగ్ ఫొటోలైతే నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. హాస్టల్ ఒక ఊళ్లో, ఇల్లు ఇంకో ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు. కేసు పెట్టదగిన నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించొచ్చు. సీనియర్ల వేధింపులైతే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. మీ ప్రైవేటు ఫొటోలు బయటపెడతామంటుంటే ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ సైట్ ఉంది. ఫొటో మీ ఫోన్‌లోనే ఉంటుంది, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే అక్కడికి వెళ్తుంది. ఈ సేవలో చేరిన సంస్థలు దాని సాయంతో ఆ ఫొటోను పట్టుకుంటాయి. ఇది 18 నిండినవాళ్లకు.

హెచ్ఆర్ చూస్తే?

అందరి భయమూ ఇదే. ఇన్‌కాగ్నిటోలో మీ పేరు వెతికి, ఏం కనిపిస్తోందో మీరే ముందు చూసుకోండి. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే రెండు వాక్యాలు చాలు: ‘నా పేరుతో ఎవరో ఫేక్ అకౌంట్ నడిపారు. ఫిర్యాదు చేశాను, నంబరు ఉంది.’ తలదించుకోవాల్సింది మీరు కాదు.

నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. చెప్పలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్. ఉచితం, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చివరగా, ఆ గ్రూపులో మౌనంగా చూస్తున్నవాళ్లకో మాట. అందరి ముందూ గొడవపడే ధైర్యం లేకపోవచ్చు. ‘నేనూ చూశా, అది తప్పు. స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది’ అని అవతలివాళ్లకు విడిగా ఒక్క మెసేజ్ పెట్టండి. ఆ రాత్రి వాళ్లకు కావాల్సిన సాక్షి మీరే.