నరసాపురం అరుగుల మీద

నరసాపురంలో రైలుపట్టాలు ఆగిపోతాయి. భీమవరం, పాలకొల్లు దాటి వచ్చిన బండి ఇక్కడ నిలబడితే మళ్లీ వెనక్కి పోవడమే. కోటిపల్లి మీదుగా కొత్త లైను పూర్తయ్యేదాకా ఇదే ఆఖరి స్టేషను. ఊరు దాటి రేవులోకి వస్తే వశిష్ఠ గోదావరి. అవతలి గట్టు సఖినేటిపల్లి. పంటెక్కి మోటారు సైకిళ్లూ, అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పోయే జనమూ ఆ గట్టుకి చేరుతుంటారు. ఈ రేవు మాధవాయిపాలెం.

మాధవాయిపాలెం అనే పేరు ఇంగ్లిషు వర్తకుల నోట పడి ‘మడపోలం’ అయింది. పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ గిడ్డంగి ఉండేది. పక్కనే పాలకొల్లులో డచ్చివారు దుకాణం పెట్టారు. ఓడలు కట్టే రేవుగా నరసాపురానికి సముద్రం అవతల కూడా పేరుండేది. ఇక్కణ్ణుంచి పోయిన మెత్తటి నూలుగుడ్డకు ఈ పాలెం పేరే స్థిరపడిపోయి, ఇంగ్లిషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ఇవాళ్టికీ ‘మడపోలం’ అంటే ఒక రకం గుడ్డ. ఆ గుడ్డ నేసినవాళ్ల పేరు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. లేసు గురించి రాద్దామని వచ్చినవాణ్ణి రేవులోనే ఇంతసేపు నిలబడిపోవడానికి కారణం అదే.

నరసాపురం చుట్టుపక్కల పల్లెల్ని చూడాలంటే మధ్యాహ్నం రెండింటికి వెళ్లాలి. వంటా వడ్డనా అయి, అంట్లు తోమేసి, ఆడవాళ్లు అరుగుల మీదికి వచ్చే వేళ అది. కొబ్బరిచెట్ల నీడలో ముగ్గురో నలుగురో గోడకి జారబడి కూర్చుంటారు. కొన దగ్గర చిన్న కొక్కెంలా వంగిన సూది కుడిచేతిలో, దారం ఎడమ చూపుడువేలి మీద. దారం ఉండ దొర్లిపోకుండా ఒక గిన్నెలోనో డబ్బాలోనో పడి తిరుగుతూ ఉంటుంది. నోరు పక్కింటి పెళ్లి సంబంధం సంగతి మాట్లాడుతుంటే వేళ్లు గొలుసు వేస్తూ, లెక్క తప్పకుండా పువ్వు చుట్టూ రేకులు తెస్తుంటాయి. కూర తరిగిన చేతులకు పసుపు మరక లేకుండా కడుక్కుని మరీ పట్టుకోవాలి. తెల్ల దారం చెమటనీ మట్టినీ దాచుకోదు.

ఒక పెద్ద దుప్పటి మొత్తం ఒకే మనిషి చేతిలో తయారవడం అరుదు. ఒక ఊళ్లో పువ్వులు అల్లుతారు. ఆ విడి పువ్వుల్ని కలిపేది మరొకరు. దాన్ని అతుకుపని అంటారు. ఆ తర్వాత అది ఎగుమతిదారు ఇంటికి చేరి, ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ అయి, పెట్టెలోకి ఎక్కుతుంది. ఊరికీ ఎగుమతిదారుకీ మధ్య ఏజెంటు ఉంటాడు. దారం తెచ్చి ఇచ్చేదీ, అల్లినది పట్టుకుపోయేదీ, డబ్బు చేతిలో పెట్టేదీ అతనే. అల్లినంతకే కూలి, గంటలు లెక్కలోకి రావు. టేబుల్ క్లాత్‌లు, కర్టెన్లు, దిండు గలీబులు, చిన్న చిన్న గుండ్రటి డాయిలీలు: ఇవన్నీ అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ ఇళ్లలో పరుచుకుంటాయి. అల్లినావిడ ఇంట్లో టీవీ మీద ఒక లేసుముక్క కనిపిస్తే, అది కూడా మిగిలిన దారంతో చేసినదే అయి ఉంటుంది.

ఈ పని ఈ నేలకి వచ్చింది ఆనకట్టకి ముందు. ధవళేశ్వరంలో గోదావరి మీద ఇంజనీరు ఆర్థర్ కాటన్ కట్టిన ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పటికి డెల్టా అంటే పచ్చదనం కాదు, కరువు. 1833 నాటి కాటకం పెద్దల నోళ్లలో ఇంకా మెదులుతున్న రోజులవి. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడి దళిత క్రైస్తవ స్త్రీలకు క్రోషే అల్లిక నేర్పారు. పేద ఇళ్లలో మొదలైన పని తర్వాత రైతు కుటుంబాల్లోకీ పాకింది. గడప దాటి కూలికి పంపడం నామోషీ అనుకున్న ఇళ్లకు ఇది సరిగ్గా కుదిరింది. ఆడవాళ్లు ఇంట్లోనే ఉంటారు, నాలుగు డబ్బులూ వస్తాయి. పరువుకి పరువు. ఆ పరువు ఖరీదు ఎంతో లెక్క తేల్చడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది.

తేల్చింది ఒక జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం వచ్చి, ఈ అరుగుల మీద కూర్చుని, ఎవరు ఎన్ని గంటలు అల్లుతున్నారు, చేతికి ఎంత వస్తోంది అని ఇల్లిల్లూ అడిగి రాసుకుంది. ఆమె ఇంగ్లిషు పుస్తకం ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ 1982లో వెలువడింది. రోజుకి ఆరేడు గంటలు అల్లినా రూపాయి కూడా రాని కూలి అని అందులో తేలింది. వ్యవసాయ కూలికి వెళ్లే ఆడమనిషికి వచ్చేదానికన్నా అది తక్కువ. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఇంత పని చేస్తున్నవాళ్లని జనాభా లెక్కలు పనిచేసేవాళ్లుగా గుర్తించలేదు, గృహిణులుగా రాసుకున్నాయి. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే మనిషిని ఖాళీగా ఇంట్లో ఉన్న మనిషిగా చూపిస్తే కూలి ఎంత తక్కువైనా చెల్లుబాటవుతుందని మీస్ వాదన. దానికి ఆమె పెట్టిన పేరును తెలుగులో ‘గృహిణీకరణ’ అనవచ్చు. ఆ మాట ఇవాళ ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల తరగతి గదుల్లో వినిపిస్తుంది. అది పుట్టింది మన గోదావరి ఒడ్డున.

ఇప్పటికీ అడిగి చూడండి. వేళ్లు కదులుతూనే ఉంటాయి, జవాబు మాత్రం “ఏం లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటాం” అని వస్తుంది. నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా కష్టంగా తోచింది ఆ మాటే.

అన్నట్టు, చిత్రకారుడు బాపు పుట్టింది కూడా నరసాపురంలోనే, 1933 డిసెంబరు 15న. ఆయన గీతను చూడగానే పేరు చెప్పేస్తాం. అరుగు మీది పువ్వుకి కూడా చెయ్యి ఉంటుంది. ఎవరి అల్లిక బిగువో, ఎవరిది వదులో అతుకుపని చేసేవాళ్లు ఇట్టే చెప్పగలరు. పెట్టెలోకి వెళ్లాక ఆ తేడా అడిగేవాళ్లు ఉండరు.

లేసు తర్వాతి కథ తెలిసిందే. చైనా యంత్రాల లేసు చౌకగా వచ్చి మార్కెట్టును కమ్మేసింది. ఆ వెనకే కరోనా వచ్చి ఆర్డర్లను తుడిచిపెట్టింది. అంతకు ముందే సీతారాంపురంలో లేసు పార్కు పెట్టారు, శిక్షణలు ఇచ్చారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల్లో చేతితో అల్లినదే ఇకపై నరసాపురం లేసు. ఇది చిన్న విజయమేమీ కాదు. క్రోషే అల్లికను అచ్చంగా అల్లగల యంత్రం మార్కెట్టులోకి ఇంకా రాలేదు, అక్కడ దొరికే యంత్రపు లేసంతా దాన్ని పోలినదే. కాబట్టి ఈ గుర్తింపు చేతినే కాపాడాలి. అయితే కాగితం మీద కాపాడబడేది ఊరి పేరు. ఏజెంటు చేతిలోంచి అరుగు మీదికి వచ్చే కూలి రేటు గురించి ఆ కాగితం ఏమీ చెప్పదు. ఆడపిల్లలు చదువుకుని వేరే పనులకు పోతున్నారంటే ఆశ్చర్యమేముంది? నష్టం వాళ్లది కాదు. వాళ్లు నేర్చుకోవాలంటే ఈ పనిలో బతుకు కనబడాలి. మాధవాయిపాలెం పేరు నిఘంటువుకెక్కినా నేతగాడికి ఒరిగిందేమీ లేదు. లేసుకీ అదే జరగనివ్వకూడదు.

లేసు అల్లేవాళ్లను గృహిణులుగా రాసుకున్న జనగణన దేశంలో మళ్లీ వచ్చింది. 2027 మార్చి 1 దాని లెక్క తేదీ. నరసాపురంలో, మొగల్తూరులో, పాలకొల్లులో, గోదావరి అవతల సఖినేటిపల్లిలో లేసు అల్లే అమ్మలకూ అక్కలకూ ఒక్క మనవి. లెక్కలవాళ్లు గుమ్మంలోకి వచ్చి ఏం చేస్తుంటారని అడిగినప్పుడు ‘ఇంట్లోనే’ అని చెప్పి పంపేయకండి. మీ ఇంట్లో మగవాళ్లను చెప్పనివ్వకండి. లేసు పని చేస్తామని చెప్పి, వాళ్లు అలా రాసుకున్నారో లేదో చూసి మరీ పంపండి.