కరెంటు కారు: ఇంటి లెక్క, దారి లెక్క

ఈ మధ్య మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే చాలు, ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "కరెంటు కారు కొనొచ్చా? దారి మధ్యలో చార్జి అయిపోతే ఎలా?" దీనికి జవాబు కారు కంపెనీ ప్రకటనల్లో దొరకదు. మన ఇంటిని, మన ప్రయాణాలను బట్టి ఉంటుంది. పిల్లలు కూడా వేయగలిగిన చిన్న లెక్కతో చూద్దాం.

రోజూ తిరగడానికి

ఇండియాలో కరెంటు బిల్లు మీద 'యూనిట్లు' అని ఉంటుంది కదా! వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఆగకుండా గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. అదే ఒక యూనిట్‌తో కరెంటు కారు సుమారు 3 నుంచి 4 మైళ్ళు వెళ్తుంది. తక్కువే అనుకుని 3 మైళ్ళు వేసుకుందాం.

నాన్నగారి ఆఫీసు, బడి, కూరగాయల కొట్టు, డాన్సు క్లాసు అన్నీ కలిపి రోజుకు 36 మైళ్ళు అనుకుంటే 12 యూనిట్లు కావాలి. అమెరికాలో మామూలు 120 వోల్టుల ప్లగ్గు గంటకు సుమారు 1.4 యూనిట్లు ఇస్తుంది. రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా పెడితే 14 యూనిట్లు. కొంత వృథా పోయినా సరిపోతుంది. బట్టలారబెట్టే డ్రయ్యరుకు ఉన్నట్టు 240 వోల్టుల లైను వేయించుకుంటే రెండు గంటల పని. అయితే ఆ లైను లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే వేయించాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ వైరుతో కారు చార్జి చేయడం ప్రమాదం.

అసలు చిక్కు అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి. ఇంటి దగ్గర గాని, ఆఫీసులో గాని ప్లగ్గు లేకపోతే వారం వారం బయట చార్జింగ్ కోసం కూర్చోవాలి. ఖర్చు కూడా సాధారణంగా ఎక్కువే. కాబట్టి కారు కొనకముందే అపార్ట్‌మెంటు వాళ్ళను అడగండి. కాలిఫోర్నియాలో అద్దెకున్నవారు సొంత ఖర్చుతో చార్జరు పెట్టించుకుంటామని రాసి అడిగే హక్కు, కొన్ని మినహాయింపులతో, చట్టంలోనే ఉంది.

దూర ప్రయాణానికి

ఫ్రీమాంట్ నుంచి లాస్ ఏంజెలెస్ సుమారు 350 మైళ్ళు. 75 యూనిట్ల బ్యాటరీ నిండుగా ఉంటే మన లెక్క ప్రకారం 225 మైళ్ళు వస్తుంది. అంటే దారిలో ఆగక తప్పదు. దాదాపు సగం దారిలో కెటిల్‌మన్ సిటీ వస్తుంది. అక్కడ వేగంగా చార్జి చేసే కేంద్రాలున్నాయి. కారును బట్టి 25 నుంచి 40 నిమిషాల్లో 80 శాతానికి చేరుతుంది. పులిహోర పొట్లాలు విప్పి, చేతులు కడుక్కునేసరికి అయిపోతుంది!

80 శాతం దగ్గరే ఎందుకు ఆపాలి? బస్సు ఖాళీగా ఉంటే అందరూ గబగబా ఎక్కి కూర్చుంటారు. నిండుతున్నకొద్దీ సీటు వెతుక్కోవాలి. బ్యాటరీ కూడా అంతే, చివరి 20 శాతం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే ఒకేచోట నిండా నింపే బదులు, 4,100 అడుగులు దాటే టెహోన్ కనుమ ఎక్కే ముందు మరోసారి కాసేపు ఆగడం మేలు.

ఎదురుగాలి, ఎత్తు, వేగం, చలి అన్నీ మైళ్ళను తగ్గిస్తాయి. మంచు కురిసే రాష్ట్రాల వారు ఇంకాస్త ఎక్కువే మిగుల్చుకోవాలి. థాంక్స్‌గివింగ్ వంటి సెలవుల్లో చార్జర్ల దగ్గర క్యూలు ఉండొచ్చు. ఎయిర్‌పోర్టుకు అమ్మమ్మ, తాతయ్యలను తీసుకురావడానికి వెళ్ళేటప్పుడు ముందు రాత్రే చార్జి పెట్టుకోండి.

కొనేముందు

ప్లగ్గులు అన్నీ ఒకే రకం కావు. టెస్లా తన ప్లగ్గును ఇతర కంపెనీలు వాడుకోవచ్చని 2022 నవంబరులో ప్రకటించింది. 2023లో ఫోర్డు, జనరల్ మోటార్స్ ఒప్పుకున్నాయి. అయినా పాత కార్లకు అడాప్టరు కావాలి. 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30 తరువాత కొన్న కార్లకు లేదు. పాత లెక్కలు నమ్మి మోసపోకండి.

పిల్లలూ, ఈ వారం మీకో పని. రోజూ సాయంత్రం కారు మీటరు చూసి ఎన్ని మైళ్ళు తిరిగారో రాయండి. దాన్ని 3తో, వచ్చినదాన్ని 1.4తో భాగించండి. ఆ గంటలు మీ కారు రాత్రి ఇంట్లో ఉండే గంటల కన్నా బాగా తక్కువైతే మామూలు ప్లగ్గు చాలు. ఎక్కువైతే 240 వోల్టుల లైను సంగతి అమ్మానాన్నలతో మాట్లాడండి.