వెనక కూర్చున్న అవ్వకు అందే పాట

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట పైన చిన్న అక్షరాల్లో రాగం, తాళం అచ్చయి ఉంటాయి. శంకరాభరణం, ఆది... ఇలా. మరిపెడలో గానీ చుట్టుపక్కల పల్లెల్లో గానీ ఆదివారం ఆ పుస్తకం పట్టుకునేవాళ్లలో ఆ వరుస చదివేవాళ్లు తక్కువే. ముందు కూర్చున్నవాళ్లు నంబరు చెప్పి పల్లవి ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. చదువురాని అవ్వకు పుస్తకంతోనే పనిలేదు, నాలుగు చరణాలూ నోటికే వచ్చు. రాగం పేరు ఆమెకు తెలియకపోవచ్చు. ఎవరైనా వరుస తప్పితే మాత్రం చప్పట్లు ఆపి, తలెత్తి చూస్తుంది.

క్రైస్తవులు కలిసి పాడటం చర్చి కట్టడాల కంటే పాతది. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ అధికారి ప్లినీ తన చక్రవర్తి ట్రాజన్‌కు పంపిన లేఖలో వీళ్ల గురించి రాశాడు. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని, క్రీస్తును దేవుడిగా ఎంచి వంతులవారీగా పాడతారని అందులో ఉంది. అంతకు దశాబ్దాల ముందే పౌలు కొలొస్సయి, ఎఫెసు సంఘాలకు రాస్తూ, ఒకరికొకరు బోధించుకోవడానికీ బుద్ధి చెప్పుకోవడానికీ పాటను సాధనంగా చూపాడు. అంటే పాట దేవుడి చెవికి ఎంతో, పక్కన కూర్చున్న మనిషి చెవికీ అంతే. విశ్వాసులు కలిసి పాడటానికి అసలు కారణం ఇదే.

ఒంటికి సంబంధించిన కారణమూ ఒకటుంది. ఒకే పాట పాడేవాళ్లు ఒకే చోట ఊపిరి తీసుకుంటారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, బృందంగా పాడేవారి గుండె వేగం కలిసి పెరిగి, కలిసి తగ్గడం గమనించారు.

తెలుగులో ఈ పాటకు పునాది వేసినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) పేరు ముందు చెప్పాలి. 1833లో బాప్తిస్మం తీసుకున్న ఆయన, తెల్లదొరల ట్యూన్లకు తెలుగు మాటలు అతికించే పని పెట్టుకోలేదు. పల్లవి, చరణాలతో మన రాగతాళాల్లోనే కీర్తనలు కట్టారు. వాటిలో సంస్కృత సమాసాలు దండిగా ఉంటాయి. అన్నింటికీ అర్థం చెప్పమంటే చాలామంది పాస్టర్లే తడుముకుంటారు. అయినా ఆ పాటలు పల్లెల్లో నిలిచాయంటే అది వరుస చలవే.

మరిపెడ 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అదే జిల్లాలోని డోర్నకల్ ఈ కథలో పెద్ద మజిలీ. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య పనిచేసింది అక్కడే. ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. బడి మొహం చూడనివారే ఎక్కువ. బైబిలు చదవలేని మనిషికి పాటే పాఠ్యపుస్తకం. క్రైస్తవం ఈ నేల వేషంలో ఉండాలన్నది అజరయ్య పట్టుదల. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కేథడ్రల్‌లో గుడి స్తంభాల తీరూ, మసీదు గుమ్మటాల తీరూ కలిసి కనబడటం అందుకే.

ఇప్పుడు పాటలు పుస్తకం నుంచి కాక ఫోన్ నుంచి వస్తున్నాయి. యూట్యూబ్‌లో విన్న పాట మరుసటి ఆదివారమే కీబోర్డు మీద వినబడుతుంది. కొత్త పాట రావడంలో తప్పేమీ లేదు, చౌదరిగారి కీర్తనా ఒకనాడు కొత్తదే. చిక్కల్లా ఆ పాట ఎవరి గొంతుకు కట్టారన్నదే. స్టూడియోలో ఆరితేరిన గాయని కోసం కట్టిన పాటలో పల్లవి అందినా, చరణంలో పైస్థాయి అందదు. నడుమ గమకాలు, సాగదీసిన ఆలాపన. రెండో చరణానికల్లా సంఘం నోరు మూసుకుని వినడం మొదలుపెడుతుంది. మైకు దగ్గర ముగ్గురు పాడుతుంటారు, చాపల మీద నూరుమంది చప్పట్లు కొడుతుంటారు. అది కచేరీ అవుతుంది గానీ ఆరాధన పాట కాదు.

ఇది కొత్త దిగులు కాదు. పాటలోని మాట కన్నా పాట తీపే తనను ఎక్కువ కదిలించినప్పుడు తప్పు చేసినట్టే ఉంటుందని క్రైస్తవ వేదాంతి అగస్టీన్ నాలుగో శతాబ్దం చివర్లోనే ఒప్పుకున్నాడు. మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ 1761లో పాడేవారికి సూచనలు రాస్తూ, అందరూ పాడాలన్నాడు, గట్టిగా పాడాలన్నాడు, పక్కవారి గొంతు మునిగిపోయేలా మాత్రం అరవొద్దన్నాడు. సౌండు బాక్సులు లేని రోజుల్లోనే ఆ మాట అన్నాడు!

పాట ఎంచేవారికి సందర్భం తెలియాలి. శ్రమల దినాల్లో పాడేది వేరు, కానుకల వేళ పాడేది వేరు, ప్రభువు బల్ల ముందు పాడేది వేరు. మనుషులూ తెలియాలి. బైబిలులోని 150 కీర్తనల్లో సుమారు మూడోవంతు మొరలూ కన్నీళ్లే. ఆ వారమే మిర్చి ధర పడిపోయి కూలీల డబ్బులు ఎలా కట్టాలో తెలియక వచ్చిన రైతుకు, వరుసగా ఐదు ఉత్సాహపు పాటలు వినిపిస్తే అతను దేన్ని పట్టుకుని పాడాలి? భాష సంగతీ ఉంది. మరిపెడ చుట్టూ తండాలు ఎక్కువ. ఇంట్లో లంబాడీ మాట్లాడే అమ్మకు గ్రాంథిక తెలుగు కీర్తన పరాయి మాటే. ఆమె భాషలో ఒక పాట ఉంటే, ఆ ఆదివారం ముందు గొంతు ఆమెదే అవుతుంది.

పాటలు నడిపించే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఆదివారం ఒక పని చేసి చూడాలి. శ్రుతి ఒక మెట్టు దించి, ఒక్క చరణానికి మైకు, కీబోర్డు ఆపేయండి. అప్పుడు చాపల మీది నుంచి ఎంత గొంతు వస్తే, మీరు ఎంచిన పాట అంతమందికి అందినట్టు.